ఆటోక్రాస్‌కి ఈసీయూ రీమ్యాప్ చేయించాలా? ముందు మీ క్లాసు తేల్చుకోండి

ఆటోక్రాస్‌లో ఒక్కో కారూ విడిగా పరిగెడుతుంది. కోన్లు పెట్టి గీసిన మెలికల దారిలో ఎవరు తక్కువ టైములో తిరిగొస్తే వాళ్లదే గెలుపు, కోను తగిలిస్తే ఆ టైముకి పెనాల్టీ కలుపుతారు. స్పీడు చాలా చోట్ల రెండో గేరు దాటదు కాబట్టి ఇంట్లో ఉన్న స్విఫ్టో, ఐ20నో, పోలోనో తీసుకుని దిగొచ్చు. భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు కుర్రాళ్లు చాలామంది దీని మీద ఆసక్తి చూపిస్తున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ వాళ్లు ముందుగా అడిగేది టైర్ల గురించో డ్రైవింగ్ గురించో కాదు, "ఆయ్, రీమ్యాప్ చేయించేత్తే ఎంత పవర్ పెరిగిద్దండీ?" అని. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బాని ఈసీయూ అంటారు, దాని లోపలి ప్రోగ్రాం మార్చడమే రీమ్యాప్.

ఆ ప్రశ్నకి ముందు ఇంకోటి ఉంది. రీమ్యాప్ చేయించాక మీ కారు ఏ క్లాసులో నిలబడుతుంది? ఇది తేలకుండా ఈసీయూ ముట్టుకుంటే, డబ్బు పెట్టి మరీ మిమ్మల్ని మీరే గెలవలేని గుంపులోకి నెట్టుకున్నట్టవుతుంది. అందుకే నేను చెప్పే వరసలో ల్యాప్‌టాప్ చాలా ఆలస్యంగా వస్తుంది.

మొదటి పని: రూల్ బుక్ చదవడం

మన దేశంలో కార్ల రేసులకి, ర్యాలీలకి, ఆటోక్రాస్‌కి పెద్ద దిక్కు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా, అందరూ ఎఫ్ఎంఎస్‌సీఐ అంటారు. వాళ్ల అనుమతితో జరిగే పోటీలో దిగాలంటే డ్రైవర్‌కి వాళ్లిచ్చే కాంపిటీషన్ లైసెన్సు కావాలి. ప్రతి పోటీకీ ముందుగా సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అనే పత్రం విడుదల చేస్తారు. ఏ క్లాసులు ఉన్నాయి, ఏ క్లాసులో ఏం మార్చుకోవచ్చు, కోనుకి పెనాల్టీ ఎంత, ఫిర్యాదు ఎలా చేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని ప్రింట్ తీసుకుని, పెన్ను పట్టుకుని చదవండి. ఫోన్లో పైపైన తిప్పేస్తే ముఖ్యమైన వాక్యమే తప్పించుకుపోతుంది.

ఎడ్ల బండలాగుడు పోటీల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టి, నోరు తెరిపించి పళ్లు చూశాకే గిత్తల్ని బరిలోకి వదులుతారు కదా, కార్ల క్లాసులూ అదే పద్ధతి. ఇక్కడ పళ్ల బదులు ముందు ఇంజిన్ సీసీ చూస్తారు, ఆ తర్వాత కారు స్టాకా (కంపెనీ ఇచ్చినట్టే ఉందా), మోడిఫైడా (మార్పులు చేసిందా) అని చూస్తారు. ఈసీయూ సంగతి ఈ రెండో దాంట్లోకి వస్తుంది.

చదివేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: రూల్‌లో "చేసుకోవచ్చు" అని రాసి ఉంటేనే చేసుకోవచ్చు. ఏమీ రాయలేదంటే చేయకూడదనే అర్థం. అంతర్జాతీయ మోటార్ స్పోర్ట్స్ సంస్థ ఎఫ్ఐఏ టెక్నికల్ రూల్స్ నడిచేది ఈ సూత్రం మీదే, కిందిస్థాయి పోటీల్లోనూ స్క్రూటినీర్లు (పోటీకి ముందు కార్లు తనిఖీ చేసేవాళ్లు) ఇలాగే ఆలోచిస్తారు. "ఈసీయూ గురించి ఎక్కడా రాయలేదు కాబట్టి ఫ్రీ" అని వాదించేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ వాదన స్క్రూటినీ టేబుల్ దగ్గర నిలబడదు.

రూల్‌లో వెతకాల్సిన మాటలు ఇవి: ఈసీయూ, ఇంజిన్ మేనేజ్‌మెంట్, వైరింగ్ హార్నెస్, సెన్సార్లు, రెవ్ లిమిట్ (ఇంజిన్‌ని దాటనివ్వని ఆర్‌పీఎం), బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి), కేటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగం). ఒక్కోసారి ఈసీయూ ఫ్రీ అని రాసి, పక్క పేజీలో వైరింగ్ ఒరిజినల్‌గా ఉండాలని రాస్తారు. అప్పుడు ఒరిజినల్ ఈసీయూ డబ్బాలో ప్రోగ్రాం మార్చుకోవచ్చు గానీ వైర్లు కోసి వేరే డబ్బా పెట్టడానికి లేదు. తెలియకపోతే నిర్వాహకులకి ఈమెయిల్ రాసి అడగండి, జవాబు ప్రింట్ తీసి కారు కాగితాలతో పెట్టుకోండి. వాట్సాప్‌లో ఎవరో "పర్లేదు బాబాయ్" అన్నది పోటీ రోజున పనికిరాదు.

అమెరికాలో ఈ ఆట బాగా పాతుకుపోయింది, ఎస్‌సీసీఏ అనే క్లబ్ దీన్ని సోలో అనే పేరుతో నడుపుతుంది. వాళ్ల క్లాసుల అమరిక అర్థం చేసుకుంటే ఎక్కడి రూల్ అయినా చదవడం తేలికవుతుంది. స్ట్రీట్ అనే కేటగిరీలో ఈసీయూ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. దాని పైన స్ట్రీట్ టూరింగ్‌లో రీప్రోగ్రాం చేసుకోనిస్తారు గానీ కేటలిటిక్ కన్వర్టర్ ఉండాల్సిందే, టర్బో బూస్ట్‌ని నేరుగా పెంచే పని చేయకూడదు. ఇంకా పైకి వెళ్లే కొద్దీ స్వేచ్ఛ పెరుగుతుంది, ఎదురుగా నిలబడే కార్ల స్థాయీ పెరుగుతుంది. కోను పడితే అక్కడ 2 సెకన్లు. బాగా ట్యూన్ చేసిన కారు సంపాదించిన లాభమంతా ఒక్క కోనుతో పోతుందన్నమాట.

రెండో పని: మీ కారు లెక్క వేసుకోవడం

ఆర్‌సీలో సీసీ ఎంతో చూడండి. స్విఫ్ట్, పాత ఐ20 పెట్రోల్ 1197, పాత హోండా సిటీ 1497, పాత ఎస్టీమ్ 1298, పాత ఆల్టో 796. టర్బో లేని కారైతే లెక్క ఇంతటితో అయిపోయింది.

టర్బో ఉంటే ఆగాలి. ఎఫ్ఐఏ పద్ధతిలో టర్బో పెట్రోల్ ఇంజిన్ సీసీని 1.7తో గుణిస్తారు, డీజిల్ అయితే 1.5తో. పోలో 1.0 టీఎస్ఐ 999 సీసీ, గుణిస్తే 1698 అవుతుంది. 1197 సీసీ ఉన్న పాత 1.2 టీఎస్ఐ అయితే ఏకంగా 2035 దగ్గర తేలుతుంది. మీరు వెళ్లే పోటీ ఈ గుణకం వాడుతుందో లేదో పత్రంలో చూసుకోండి. వాడితే మాత్రం చిన్న ఇంజిన్ కదా అని చిన్న క్లాసులో పేరు రాయించడానికి కుదరదు.

ఇప్పుడు కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకవైపు స్టాక్‌గా ఉంటే మీ క్లాసు, అందులో వచ్చే కార్లు. రెండోవైపు రీమ్యాప్ తర్వాత మీ క్లాసు, అందులో వచ్చే కార్లు. మోడిఫైడ్ క్లాసులో వచ్చేవాళ్లు సీట్లు పీకేసి, కేజ్ వేసి, సస్పెన్షన్, డిఫరెన్షియల్ మార్చి, ఇంజిన్ తెరిచి కామ్‌షాఫ్ట్ వేసి మరీ వస్తారు. మీ కారు మాత్రం ఏసీ, వెనక సీటు, మ్యూజిక్ సిస్టమ్‌తో సహా, ఒక్క సాఫ్ట్‌వేర్ మార్చుకుని వాళ్ల పక్కన నిలబడుతుంది. టర్బో లేని 1.2 ఇంజిన్‌కి రీమ్యాప్‌తో వచ్చేది నాలుగైదు హార్స్‌పవర్, దానికోసం క్లాసు మారడం నా దృష్టిలో నష్టం. కొత్తగా దిగేవాళ్లు స్టాక్ క్లాసులోనే ఉండి ఆ డబ్బు మంచి టైర్లకి, బ్రేక్ ప్యాడ్లకి, ఎంట్రీ ఫీజులకి పెట్టండి. టర్బో కారు సంగతి వేరు, దాన్లో రీమ్యాప్ నిజంగానే చాలా పవర్ తెస్తుంది. అందుకే చాలా రూల్స్ బూస్ట్ గురించి అంత పట్టుగా ఉంటాయి.

మూడో పని: కారు ఇప్పుడు ఎలా ఉందో రాసిపెట్టుకోవడం

స్టాక్ క్లాసులో ఉన్నా సరే ఇది చేయండి. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు (ఈసీయూలోని వివరాలు చదివే సాకెట్) ఉంటుంది, దానికి బ్లూటూత్ ఈఎల్ఎం327 స్కానర్ పెట్టి ఫోన్లో యాప్ తెరిస్తే సరిపోతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాల్సింది మూడు సంగతులు. ఒకటి, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తన లెక్క కంటే పెట్రోల్ ఎంత ఎక్కువ తక్కువలు చేసి సర్దుకుంటోందన్నది: సున్నాకి అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 10 దాటితే ఎక్కడో గాలి లీకో, ఇంజెక్టర్ మురికో, సెన్సార్ తేడానో ఉన్నట్టు. రెండోది లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్, మూడోది ఫుల్ థ్రాటిల్‌లో ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు ఎంత ముందుగా నిప్పురవ్వ వేస్తుందన్న లెక్క) ఎంత వస్తోందన్నది. ట్రిమ్ తేడాగా ఉన్న కారుకి రీమ్యాప్ చేయిస్తే జబ్బు అలాగే ఉండిపోతుంది, దాని మీద కొత్త మ్యాప్ కూర్చుంటుంది. ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, ఇంజిన్ మౌంటింగులు సరి చేయించండి.

మనవైపు ఇంకో పరీక్ష తప్పనిసరి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలోనూ, రొయ్యల చెరువుల మధ్య తిరిగే కార్లలోనూ ఈసీయూ కనెక్టర్ పిన్నుల మీద, ఎర్త్ వైరు బోల్టుల మీద ఆకుపచ్చగా చిలుము పడుతుంది. సెన్సార్ వోల్టేజీ కొంచెం తప్పినా ఈసీయూ లెక్కలన్నీ తప్పుతాయి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనెక్టర్లు విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఎర్త్ బోల్టులు రుద్ది బిగించండి. ఇది ఏ క్లాసులోనూ మోడిఫికేషన్ కిందికి రాదు, పైగా రీమ్యాప్ కావాలనుకున్న కార్లలో కొన్నిటికి ఈ పనితోనే ప్రాణం లేచొస్తుంది.

అదే యాప్‌లో క్యాలిబ్రేషన్ ఐడీ, దాని పక్కన సీవీఎన్ అనే నంబర్ కనిపిస్తే ఫొటో తీసి దాచండి. ఈసీయూలో ఉన్న ప్రోగ్రాం ఏ వెర్షన్, అది మారిందా లేదా అన్నది ఈ నంబర్లు చెబుతాయి. స్క్రూటినీర్‌కి అనుమానం వస్తే అదే మోడల్ ఇంకో కారుతో ఈ నంబర్లు పోల్చి చూడొచ్చు. ఎర్రర్ కోడ్లు చెరిపాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా ఓబీడీలో కనిపిస్తుంది. నిన్న రాత్రి ఫ్లాష్ చేసి (ఈసీయూలో వేరే ప్రోగ్రాం రాసి) పొద్దున్నే స్టాక్ అని చెప్పే కారుని ఆ అంకె పట్టించేస్తుంది. దాచిపెట్టే ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడితో మానుకోండి, ఇది మన చిన్న ఊళ్ల ఆట, పేరు ఒక్కసారి పోతే తిరిగి రాదు.

నాలుగో పని: ఏ రకం మార్పో ఎంచుకోవడం

లెక్కలన్నీ చూసుకుని మోడిఫైడ్‌లోకే వెళ్దామనుకుంటే దారులు ఇలా ఉంటాయి.

పెడల్ బాక్స్ యాక్సిలరేటర్ స్పందన మాత్రమే మారుస్తుంది, పవర్ ఒక్క చుక్క కూడా పెంచదు. పైగా స్టాక్ క్లాసులో దాన్నీ పట్టుకుంటారు. నా సలహా, వద్దు.

పిగ్గీబ్యాక్ అంటే ఒరిజినల్ ఈసీయూకీ సెన్సార్లకీ మధ్య కూర్చుని సిగ్నల్స్ మార్చి పంపే డబ్బా. ఈసీయూ ముట్టుకోలేదు కాబట్టి ఇది స్టాకే అని కొందరు అమ్ముతారు. వైరింగ్‌లో చేరిన వస్తువు ఏదైనా స్క్రూటినీర్ కంటికి మార్పే. తీసేస్తే కారు మళ్లీ మామూలుగా అయిపోవడం దీనిలో ఉన్న సుఖం.

రీమ్యాప్ అంటే ఒరిజినల్ ఈసీయూ లోపలి ప్రోగ్రాంని ఓబీడీ ద్వారా గానీ, డబ్బా విప్పి బెంచ్ మీద పెట్టి గానీ మార్చడం. రోజూ తిరిగే కారుకి మార్పు చేయాల్సి వస్తే ఇదే మేలైనది, కోల్డ్ స్టార్ట్, ఏసీ, ఫ్యాన్ లాంటివన్నీ కంపెనీ రాసినట్టే పనిచేస్తాయి.

స్టాండ్‌ఎలోన్ అంటే ఒరిజినల్ తీసేసి పూర్తిగా కొత్త ఈసీయూ పెట్టడం. పాత ఎస్టీమ్, జిప్సీ లాంటి వాటిని రేసుకే అంకితం చేస్తే అర్థముంది. బీఎస్6 కారుకి చేస్తే డ్యాష్‌బోర్డు, ఏబీఎస్, ఇమ్మొబిలైజర్ అన్నీ ఒకదాని వెంట ఒకటి అలుగుతాయి. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 వాళ్లకి ఈ గొడవలేవీ లేవు, జెట్లు మార్చుకోవడమే, దానికీ రూల్ చూసుకోవాలి.

ఐదో పని: రీమ్యాప్ చేయించేటప్పుడు అడగాల్సినవి

డెల్టాలో ఉన్న మనం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఇక్కడే ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పేరున్న ట్యూనర్లు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, కోయంబత్తూరు లాంటి చోట్ల ఉంటారు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి ఒత్తిడి సుమారు 91 కిలోపాస్కల్స్. హైదరాబాద్ 500 మీటర్ల పైన, సుమారు 95. మన భీమవరం, అమలాపురం సముద్రానికి అంచున ఉన్నాయి, ఇక్కడ 101. ఈసీయూ లోపల ఫ్యూయల్‌కీ ఇగ్నిషన్ టైమింగ్‌కీ పెద్ద టేబుల్స్ ఉంటాయి, ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు ఇంజిన్ లోడ్, అంటే ఇంజిన్‌లోకి గాలి ఎంత ఒత్తిడితో వెళ్తోందన్నది. టర్బో లేని ఇంజిన్ ఫుల్ థ్రాటిల్ కొట్టినా బయట ఉన్న గాలి ఒత్తిడిని దాటి లోడ్ ఎక్కదు. అంటే బెంగళూరులో డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద ఆ కారు ఎంత తొక్కినా టేబుల్‌లో 90 దగ్గర ఆగిపోతుంది. పైన 95, 100 దగ్గర ఉన్న గళ్లని అక్కడ ఎవరూ పరీక్షించలేదు, ట్యూనర్ అంచనాతో నింపి ఉంటాడు. ఆ కారుని మీరు ఇంటికి తెచ్చి మొదటిసారి ఫుల్ థ్రాటిల్ కొట్టగానే ఇంజిన్ సరిగ్గా ఆ పరీక్షించని గళ్లలోకే వెళ్తుంది. టైమింగ్ అక్కడ ఎక్కువ పెట్టి ఉంటే నాకింగ్ వస్తుంది, అంటే సిలిండర్‌లో మిగిలిన ఇంధనం తనంతట తానే అంటుకుని పేలుతుంది. నాక్ సెన్సార్ ఉన్న కారు టైమింగ్ వెనక్కి లాక్కుని తనను తాను కాపాడుకుంటుంది గానీ, మీరు డబ్బు పెట్టి కొన్న పవర్ అప్పుడు ఉండదు. ఆ సెన్సార్ లేని పాత కారైతే పిస్టన్ల మీదికే వస్తుంది.

కాబట్టి ట్యూనర్‌ని సూటిగా అడగండి: "మా ఊరు సముద్ర మట్టంలో ఉందండి, 95 పైన గళ్లలో టైమింగ్ ఎలా నింపారు, ఇంటికెళ్లాక లాగ్ పంపితే సరిచేసి ఫైల్ ఇస్తారా?" లాగ్ అంటే కారు నడిచేటప్పుడు ఓబీడీ నుంచి రికార్డ్ చేసిన అంకెలు. ఇస్తానన్నవాడి దగ్గరే చేయించండి. ఈ మాట అర్థం కానివాడి దగ్గర చేయించొద్దు.

రెండోది మన ఉక్కపోత. 35 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 80 శాతం ఉంటే, ఇంజిన్ పీల్చే గాలిలో దాదాపు 4.5 శాతం నీటి ఆవిరే ఉంటుంది, ఆ మేరకి ఆక్సిజన్ తగ్గుతుంది. మామూలు ఈసీయూలు దీన్ని నేరుగా కొలవలేవు. పొడి వాతావరణంలో తీసిన డైనో కాగితం మీద ఉన్న అంకె ఇక్కడ రాలేదని ట్యూనర్‌ని తిట్టకండి, అందులో కొంత మన వాతావరణం తినేస్తుంది.

మూడోది పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఎథనాల్. శుద్ధమైన పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువు లెక్కన 1 పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఎథనాల్‌కి 9 పాళ్లు చాలు. అందుకే ఈ20 వాడితే అదే గాలికి ఇంజెక్టర్ కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. మామూలు డ్రైవింగ్‌లో ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం చాలా కార్లు టేబుల్‌ని నమ్ముకుని పోతాయి. ఈ10 ఉన్న రోజుల్లో చేసిన పాత మ్యాప్ అయితే అక్కడ 4 శాతం దాకా లీన్ అయ్యే (గాలికి తగినంత ఇంధనం అందని) ప్రమాదముంది. ఎథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, నాకింగ్‌కి అది మంచిదే, కానీ మ్యాప్ దానికి తగ్గట్టు ఉండాలి. ట్యూన్ చేయించేటప్పుడు ట్యాంకులో ఏ పెట్రోల్ ఉందో, పోటీ రోజూ అదే ఉండాలి. ఇంకోటి, ఎథనాల్ తేమని పీల్చుకుంటుంది, మన వాతావరణంలో సగం ట్యాంకుతో కారుని నెలల తరబడి షెడ్డులో పెట్టకండి.

ఇక ఆటోక్రాస్‌కి పనికొచ్చే మార్పులు ఏంటంటే, పై అంకె పవర్ వెంట పడకండి. డైనో కాగితంలో పైన కనిపించే అంకె 6000 ఆర్‌పీఎం దగ్గరది, కోన్ల మధ్య మీరు తిరిగేది 2500 నుంచి 5500 దాకా. ఆ మధ్యలో టార్క్ నునుపుగా ఉండాలని అడగండి. పెడల్ తీయగానే రెవ్స్ కిందికి రాకుండా వేలాడే జబ్బు కొత్త కార్లలో ఉంటుంది, ఎమిషన్స్ కోసం అలా రాస్తారు. అది తగ్గిస్తే మలుపులో పెడల్ వదలగానే ముందు టైర్ల మీద బరువు పడి కారు చక్కగా తిరుగుతుంది. రెవ్ లిమిట్ 200, 300 పెంచడం కూడా ఒక్కోసారి నిజంగా ఉపయోగం: రెండో గేరులో 6000 దగ్గర 80 కిలోమీటర్లు వెళ్లే కారు 6300 దగ్గర 84 వెళ్తుంది, ఆ ఒక్క చోట మూడో గేరు వేసి మళ్లీ రెండోకి రావడం తప్పుతుంది. వాల్వ్ స్ప్రింగులు తట్టుకుంటాయో లేదో ఆ ఇంజిన్ తెలిసిన మెకానిక్‌ని అడిగి మాత్రమే పెంచండి. ఫ్యాన్ కొంచెం ముందే ఆన్ అయ్యేలా పెట్టించుకోవడం మన ఎండల్లో తప్పనిసరి.

ఫ్లాష్ చేసే రోజున ఒరిజినల్ ఫైల్ చదివి తీశాకే కొత్తది రాయమనండి, ఆ ఒరిజినల్ కాపీ మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రాసేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఈసీయూ చచ్చిపోయే ప్రమాదముంది కాబట్టి నిలకడగా 13 వోల్టులు ఇచ్చే సప్లై తగిలించి ఉండాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకోవాలి. హెడ్‌లైట్లు, ఏసీ, స్టీరియో అన్నీ ఆపేయండి.

ఆరో పని: ఎక్కడ నడుపుతారు

కాలువ గట్టు రోడ్ల మీద, 216 హైవే మీద పరీక్షించడం వద్దే వద్దు. గట్టు మీద ఒకవైపు కాలువ, ఇంకోవైపు చేలు, మధ్యలో సైకిళ్లు, గేదెలు, బడి పిల్లలు. బహిరంగ ప్రదేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా స్పీడు పోటీ పెట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం కూడా. సీజన్ లేనప్పుడు ఖాళీగా ఉండే రైస్ మిల్లు సిమెంటు కళ్లం, కాలేజీ పార్కింగ్ స్థలం లాంటివి యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని వాడుకోవచ్చు. కళ్లం మీద ధాన్యం, ఊక లేకుండా ఊడ్చాకే కారు దింపండి, లేకపోతే టైరు జారుతుంది. నాలుగు కోన్లు, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, హెల్మెట్, తోడుగా ఒక మనిషి. గోడకీ కారుకీ మధ్య బాగా ఖాళీ ఉండాలి. లాగ్ రికార్డ్ చేసి ట్యూనర్‌కి పంపించాల్సింది ఇక్కడినుంచే.

చట్టం సంగతి ఇంకొంచెం. 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. రీమ్యాప్ చేసిన కారు పొల్యూషన్ పరీక్ష పాస్ కావాల్సిందే, కేటలిటిక్ కన్వర్టర్ పీకేసి రోడ్డు మీద తిరగకండి. వారంటీలో ఉన్న కారుకి రీమ్యాప్ వద్దు, సర్వీసులో కంప్యూటర్ తగిలించగానే బయటపడుతుంది. మామూలు కారు ఇన్సూరెన్సులో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావని పాలసీ కాగితం మీదే రాసి ఉంటుంది, ఒకసారి తీసి చదవండి. పోటీలో కారు గోడకి తగిలితే ఖర్చు మీదే.

పోటీ రోజు

ఎంట్రీ ఫారంలో చేసిన ప్రతి మార్పూ రాయండి. ఈసీయూ రీమ్యాప్, ఎవరు చేశారు, ఏం మార్చారు, అంతా. స్క్రూటినీకి వెళ్లేటప్పుడు సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ ప్రింట్, నిర్వాహకుల ఈమెయిల్ జవాబు, క్యాలిబ్రేషన్ ఐడీ ఫొటో ఒకే ఫైల్లో పెట్టుకోండి. స్క్రూటినీర్‌తో "మీకు తెలీదండీ" అని వాదన మొదలుపెట్టొద్దు, ఆయన చూపించిన రూల్ నంబర్ రాసుకోండి, ఒప్పుకోకపోతే క్లర్క్ ఆఫ్ ద కోర్స్ (పోటీ నడిపే ముఖ్య అధికారి) దగ్గరకి వెళ్లి మర్యాదగా అడగండి. పక్కవాడి కారు మీద అనుమానం ఉంటే టీ స్టాల్ దగ్గర గుసగుసలాడకుండా, టైములోగా ఫీజు కట్టి రాతపూర్వకంగా ప్రొటెస్ట్ పెట్టండి. ఆ హక్కు అందుకే ఇచ్చారు.

ఎండలో లైన్లో నిలబడితే ఇంజిన్ బే వేడెక్కి, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్ బయటి ఎండ కంటే చాలా పైకి పోతుంది, ఈసీయూ భయపడి టైమింగ్ తగ్గిస్తుంది. లైన్లో ఆగి ఉన్నంతసేపూ బోనెట్ తెరిచి ఉంచండి, మీ ముందు రెండు కార్లు ఉన్నప్పుడు మూసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఇంటర్‌కూలర్ మీద నీళ్లు కొట్టుకోవచ్చా అన్నది మీ రూల్ చెబుతుంది. ప్రతి రన్ తర్వాత నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల ఈసీయూ టైమింగ్ ఎంత వెనక్కి లాక్కుందో), గాలి టెంపరేచర్ చూసి కాగితం మీద టైము పక్కన రాసుకోండి.

ఆట అయ్యాక ఇంటికి ఇదే కారులో వెళ్లాలంటే, రోడ్డెక్కే ముందు స్టాక్ ఫైల్ తిరిగి రాసుకోండి. ఆ రోజు లాగ్‌లు, ఏ పెట్రోల్ పోయించారు, ఎండ ఎంత ఉంది అన్నవన్నీ తేదీతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, అదే రాత్రి ట్యూనర్‌కి పంపేయండి. వచ్చే పోటీకి ఫైల్‌లో ఏం మార్చాలో ఆయన చెప్పగలిగేది వాటిని చూసే.